జడవాన

బయట ఎండ మండిపోతోంది. సెలూన్ లోపల మాత్రం టపటపమని చినుకులు పడుతున్నాయి.

కుర్రాడు ముందు పైకప్పు వైపు చూశాడు. కారడం లేదు. కుళాయి వైపు చూశాడు. అదీ బుద్ధిగానే ఉంది. అప్పుడు గుమ్మం వైపు చూశాడు.

గుమ్మంలో ఒక అమ్మాయి. ఆ అమ్మాయి వెనక మోకాళ్ళ దాకా ఒక జడ. ఆ జడ కొస నుంచి నీళ్ళు కారి, అప్పుడే తుడిచిన గచ్చు మీద చిన్న చెరువు తయారవుతోంది.

జడివాన అందరూ చూసే ఉంటారు. ఇది జడవాన.

"కటింగ్ చెయ్యాలి," అంది అమ్మాయి.

"ముందు మాపింగ్ చెయ్యాలి," అన్నాడు కుర్రాడు, మూలనున్న తుడుపుకర్ర అందుకుంటూ.

"అది తర్వాత చేసుకోండి. ఈ జడ ఇక్కడికి కొయ్యాలి." మెడ వెనక అరచేత్తో అడ్డంగా గీత గీసి చూపించింది. "ఇప్పుడే. నా మనసు మారేలోపల."

"మనసు మారేలా ఉంటే ఎల్లుండి రండి."

"ఎల్లుండి ఎందుకు? కుర్చీ ఖాళీగా ఉంది. కత్తెర ఉంది. తల నేను తెచ్చాను. ఇంకేం కావాలి?"

గోడవార బెంచీ మీద విప్పి ఉన్న పేపరు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పేపరు మెల్లగా దిగింది. నున్నటి తల ఒకటి ఉదయించింది. ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. తల మీద ఒక్క గీత కూడా మిగల్లేదు గానీ, రోజూ సెలూన్‌కి వస్తారు. పేపరు చదవడానికి.

"ఈ వీధిలో ఇతని పేరే ఎల్లుండి, అమ్మా," అన్నారు మాస్టారు. "పొడుగు జుట్టుతో ఎవరొచ్చినా ఇదే పాట. నాకైతే ఎల్లుండి దాకా ఆగే పని లేదు. నా జుట్టు నిన్న మొన్నే వెళ్ళిపోయింది."

ఆ పేరు వెనక ఒక సంగతి ఉంది. కుర్రాడు కొత్తగా కత్తెర పట్టిన రోజుల్లో ఒకావిడ ఏడుస్తూ వచ్చి, మెడ తప్ప ఏమీ మిగలకూడదంది. మనవాడు హుషారుగా అలాగే మిగిల్చాడు. మర్నాడు ఆవిడే ఆ జుట్టంతా ఒక సంచీలో పట్టుకొచ్చి, "మళ్ళీ అతికించు" అంది. చొక్కా గుండీ ఊడితే కుట్టొచ్చు. కప్పు పిడి విరిగితే అంటించొచ్చు. జుట్టు తెగితే ఏం చేస్తారు? ఆవిడ ఆ కుర్చీలోనే గంటసేపు ఏడ్చింది. కత్తెర పక్కన పెట్టి అతనూ కాస్త ఏడ్చాడు. ఆ రోజు నుంచీ అతనికొక పద్ధతి. ఈరోజు రిబ్బన్, ఎల్లుండి కత్తెర.

సొరుగులోంచి ఎర్ర రిబ్బన్ చుట్ట తీశాడు. పళ్ళున్న కత్తెరతో జానెడు ముక్క కత్తిరించాడు. అంచు చిన్న చిన్న కోరల్లా తెగింది.

"మీరు ఎక్కడికి కొయ్యమన్నారో అక్కడ ఇది కడతాను. రోజూ జడ విప్పి వేసుకున్నా, రిబ్బన్ మళ్ళీ అక్కడే ఉండాలి. ఇంట్లో వాళ్ళు ఇదేంటని అడుగుతారు. అడిగితే నిజం చెప్పాలి. ఎల్లుండి మీరొచ్చేసరికి రిబ్బన్ అక్కడే ఉంటే కోస్తాను. కిందికి జారిందంటే మీ మనసు కూడా జారినట్టే."

"డ్రైవింగ్ లైసెన్స్‌కి కూడా నన్నింత పరీక్ష పెట్టలేదండీ!"

"డ్రైవింగ్‌లో రివర్స్ గేర్ ఉంటుంది. కటింగ్‌లో ఉండదు."

ఆమె నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. అద్దంలో అది అతను చూశాడు. అతను చూశాడని ఆమె చూసింది. సెలూన్లో అదొక సౌకర్యం. అద్దంలో చూసుకుంటే చూసుకున్నట్టు లెక్కలోకి రాదు.

"అసలెందుకు కోయించుకుంటున్నారు?"

"నేను ఈత నేర్పుతాను. పూల్‌లో అందరూ చేపక్క అంటారు. పోయిన వారం ఒక బ్యాంక్ మేనేజరు గారు, నీళ్ళు గడ్డం దాకా వచ్చేసరికి భయపడి నా జడ పట్టుకున్నారు. బ్యాంకు ఆయన కదా, ఒకసారి చేతికి చిక్కింది తిరిగివ్వలేదు. ఇద్దరం కిందికి పోయాం." ఆమె గొంతు కాస్త తగ్గింది. "ఆయన్ని ఒడ్డుకి తెచ్చాననుకోండి. కానీ ఆ కాసేపూ నా తల నేను తిప్పలేకపోయాను. ఏం చూస్తున్నానో తెలీలేదు. అంతా పచ్చగా నీళ్ళే."

కుర్రాడు తుడవడం ఆపాడు.

"మా పెద్ద కోచ్ చెప్పేశారు. వచ్చే సోమవారానికి నా జుట్టు క్యాప్‌లో పట్టాలి. లేకపోతే లోతు నీళ్ళ క్లాసు ఇంకొకరికి. నేను చంటిపిల్లల కొలనులో కూర్చోవాలి. అక్కడ నీళ్ళ కన్నా నా జడే ఎక్కువ లోతు."

"మరి ఇంట్లో చెప్పారా?"

"నా తల నా ఇష్టం."

"తల మీదేనండీ. నేనడిగేది జుట్టు సంగతి."

ఆమె జడ కొస పట్టుకుని నీళ్ళు పిండింది. "జుట్టు మా అమ్మది," అంది చివరికి. "నాన్న పోయాక మేమిద్దరమే. రోజంతా అమ్మ తన పనిలో, నేను నీళ్ళలో. పొద్దున జడ వేసే అరగంటే ఇద్దరం కూర్చుని మాట్లాడుకునేది. దాని కోసమే అమ్మ బతుకుతుందేమో అనిపిస్తుంది. కోయించుకుంటానని ఎలా చెప్పను? అందుకే కోయించుకుని వెళ్ళిపోదామని వచ్చాను. మీరెవరికీ చెప్పకండి."

అతను జడ చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం పరకాయించి చూశాడు. "చిత్రంగా ఉందే! అందరూ పాయని పై నుంచి దాటిస్తారు. ఇది కింద నుంచి దాటింది. పైగా ఎడమ పాయతో మొదలైంది."

"మా అమ్మది ఎడమచేతి వాటం. తనకి తనే నేర్చుకుంది."

మెడ దగ్గర రిబ్బన్ కట్టి, "బుధవారం," అన్నాడు.

"బుధవారం మీకు బుద్ధొస్తే బావుండు," అంటూ ఆమె చినుకులు రాల్చుకుంటూ వెళ్ళిపోయింది.

బుధవారం చెరువు మళ్ళీ వచ్చింది. వెనక్కి తిరిగి నిలబడి, "చూడండి!" అంది గర్వంగా.

చూశాడు. మెడ దగ్గర ఏమీ లేదు. రిబ్బన్ మోకాళ్ళ దగ్గర, జడ చివర, బుట్టబొమ్మలా పువ్వు ముడి వేసుకుని ఊగుతోంది.

"జారింది," అన్నాడు.

ఆమె గిరుక్కున తిరిగి కొస పట్టుకుని చూసుకుంది. "అయ్యో! మా అమ్మే! నిన్న రిబ్బన్ ఇక్కడేంటే, కొసన కదా ఉండాలి అని కొసన కట్టింది. ఇవాళ నేను మళ్ళీ పైకి కట్టుకున్నానా, బస్సెక్కే ముందు వీధిలోకొచ్చి మరీ మార్చింది. పైగా రంగు బావుందని మెచ్చుకుంది."

"మీరేమన్నారు?"

"థాంక్స్ అన్నాను."

పేపరు వెనక మాస్టారికి దగ్గొచ్చింది.

"నిజం చెప్పమన్నాను కదండీ!"

"చెబుదామనే నోరు తెరిచాను. అమ్మ అప్పుడే పళ్ళతో సూది పట్టుకుని నవ్వింది. నోరు మూసుకున్నాను."

"శుక్రవారం రండి."

"మీకు ఎల్లుండి తప్ప వేరే రోజు తెలీదా?"

"తెలుసు. మీరొచ్చే రోజు."

అనేశాక అతనికే ఆశ్చర్యమేసింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. జడ ఉన్న వైపు చెవి ఎక్కువ ఎర్రబడిందా, లేని వైపుదా అని మాస్టారు పేపరు చిల్లులోంచి పరిశీలించారు.

శుక్రవారం కూడా రిబ్బన్ కొసనే ఉంది. ఈసారి ఆమె వెనక్కి తిరిగి చూపించలేదు. సరాసరి కుర్చీలో కూర్చుంది.

"ఇవాళ కోసెయ్యండి. సోమవారం వచ్చేస్తోంది."

"రిబ్బన్ ఎక్కడుందో చూశారా?"

"చూశాను."

"ఇంట్లో చెప్పలేదన్న మాట."

"మీకెందుకండీ మా ఇంటి సంగతి? మీ పని జుట్టు వరకే. ఇది చింపుకునే రిబ్బన్ కాదు, నా బతుకు."

"అందుకే కొయ్యనంటున్నా. ఇవాళ కోసేస్తే మీ తల తేలికవుతుంది. ఇంటికెళ్ళాక గుండె బరువవుతుంది. మళ్ళీ సంచీ పట్టుకుని వచ్చే మనిషిని నేను చూడలేను. మరీ ముఖ్యంగా ఆ మనిషి మీరైతే."

ఆమె లేచింది. "ఊళ్ళో ఇంకో పది సెలూన్లున్నాయి. వాళ్ళు రిబ్బన్లు కట్టరు."

"కట్టరు. కోస్తారు."

"కోయించుకుంటాను!"

వెళ్ళిపోయింది. గచ్చు మీద చెరువు అలాగే ఉంది. అతను తుడుపుకర్ర పట్టుకుని నిలబడ్డాడు గానీ తుడవలేదు.

"ఆరిపోతుందిలేరా," అన్నారు మాస్టారు.

"అదే నా భయం మాస్టారూ."

శనివారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. మెడలో కొలతల టేపు, పైట భుజం మీద వరసగా గుచ్చిన గుండుసూదులు, జుట్టు ముడిలో అడ్డంగా దూర్చిన పెన్సిల్. ముడి వదులైపోయి ఒక చెవి మీదికి వాలుతోంది.

"రండి ఆంటీ, కూర్చోండి."

"ఆంటీ ఏంటి బాబూ, అంటీ ముట్టనట్టు! అమ్మా అను చాలు. నేను కటింగ్‌కి రాలేదు. నాకో పాఠం చెబుతావా?"

"కత్తెర పాఠమా అమ్మా?"

"కత్తెర నీకే నేను నేర్పుతాను. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న చెయ్యి ఇది. నాకు కావాల్సింది చెయ్యి చాపకుండా జడ వెయ్యడం." ఎడమ భుజం పట్టుకుంది. "ఇది బిగుసుకుపోయింది. కుట్టుమిషను దగ్గర పర్లేదు, చెయ్యి ఒంటికి అంటుకునే ఉంటుంది. పక్కకి చాపితే మాత్రం ప్రాణం పోతోంది. మా అమ్మాయి జుట్టేమో మూడు మూరలు. ఒక్కో పాయ దాటించాలంటే చెయ్యి కిటికీ దాకా చాపాలి."

కుర్రాడు పాఠాలకి వాడే బొమ్మ తల తెచ్చి బల్ల మీద పెట్టాడు. దానికి పొడుగాటి విగ్గుంది. "ముందు మీరెలా వేస్తారో చూపించండి. ఈవిడ ఎంత లాగినా నోరెత్తదు."

"మా అమ్మాయీ అంతేలే," అందావిడ.

పళ్ళు బిగబట్టి మొదలుపెట్టింది. ఎడమ పాయతో. కింద నుంచి దాటించింది. ఇంకోటి. మళ్ళీ కింద నుంచే.

కుర్రాడి చేతిలో దువ్వెన కింద పడింది.

"ఏమైంది బాబూ?"

"ఏం లేదమ్మా. జడ చూసి జడుసుకున్నాను."

బెంచీ మీద పేపరు కూడా ఒక్కసారి వణికింది. మాస్టారికీ అర్థమైపోయింది.

"ఇంత నొప్పి పెట్టుకుని ఎందుకమ్మా?" అన్నాడు కుర్రాడు, గొంతు సవరించుకుని. "కాస్త పొట్టిగా కత్తిరించుకోమని మీ అమ్మాయికి చెప్పొచ్చు కదా?"

ఆవిడ అల్లడం ఆపింది. "నా చిన్నప్పుడు మా అమ్మకి నా తల దువ్వే తీరికుండేది కాదు. గుడ్డలు కత్తిరించే కత్తెరతోనే నా జుట్టూ కచకచా కత్తిరించేసేది. పొట్టి జుట్టంటే నాకు, ఎవరికీ తీరిక లేని పిల్ల అని. ఆ కత్తిరింపుకి ఏడ్చేదాన్ని కాదు, ఆ తొందరకి ఏడ్చేదాన్ని. నాకు కూతురు పుడితే రోజూ కూర్చోబెట్టుకుని జడ వేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. ఇరవై నాలుగేళ్ళు వేశాను. ఇప్పుడు కోయించుకో అంటే, అమ్మకి నా కోసం తీరిక లేకుండా పోయిందనుకోదూ? దానికి జడంటే ప్రాణం. పొద్దున పీట వేసుకుని ముందే కూర్చుంటుంది పిచ్చిపిల్ల. దానికి మాత్రం తెలీకూడదు బాబూ."

కుర్రాడి కడుపులో ఇప్పుడు రెండు రహస్యాలు. ఒకటి కూతురిది, ఒకటి తల్లిది. రెండూ ఒకటే. కలిపి ముడి వేస్తే అయిపోతుంది. కానీ ఇద్దరూ చెప్పొద్దన్నారు. చెబితే మాట తప్పినట్టు. చెప్పకపోతే, ఆ మొండిఘటం ఈపాటికి ఎక్కడ ఏ కుర్చీలో కూర్చుందో!

పాఠం కాసేపు చెప్పాడు. లాభం లేకపోయింది. అంత జుట్టుని చెయ్యి చాపకుండా అల్లే విద్య ఎక్కడా లేదు.

చివరికి సొరుగు తెరిచాడు. ఎర్ర రిబ్బన్ ముక్క ఒకటి కత్తిరించి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఒక పని చెయ్యండమ్మా. రేపు పొద్దున జడ వేస్తూ, మీ భుజానికి ఎక్కడ నొప్పి మొదలైతే అక్కడ ఆపి, ఈ రిబ్బన్ కట్టెయ్యండి. మిగతా జుట్టు వదిలెయ్యండి. అంతే. ఏమీ చెప్పక్కర్లేదు."

ఆవిడ రిబ్బన్ అందుకుంది. అంచు మీద బొటనవేలు రాసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. కళ్ళజోడు మీంచి కుర్రాడిని పైనుంచి కింది దాకా, కొలతలు తీసుకున్నట్టు చూసింది. తర్వాత దాన్ని మడిచి సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది.

"ఒరే ఎల్లుండీ," అన్నారు మాస్టారు. "రేపు ఏమవుతుందిరా?"

"నాకు ఎల్లుండి సంగతే తెలుసు మాస్టారూ. రేపు సంగతి తెలీదు."

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో తల్లి కుర్చీలో, కూతురు పీట మీద. రోజూలాగే. జడ ఇంకా జడగానే ఉంది. ముందురోజు కూతురు రెండు సెలూన్ల గుమ్మాలు ఎక్కి, ఎక్కినట్టే దిగి వచ్చేసింది.

దువ్వెన నడిచింది. మూడు పాయలయ్యాయి. ఒకసారి దాటింది, రెండుసార్లు దాటింది. మూడోసారికి చెయ్యి ఆగిపోయింది. అక్కడ గట్టిగా ఒక ముడి పడింది.

కూతురు చెయ్యి వెనక్కి పెట్టి తడిమింది. రిబ్బన్. మెడ దగ్గర. సరిగ్గా ఆ కుర్రాడు కట్టిన చోటే.

"అమ్మా, రిబ్బన్ ఇక్కడ కట్టావేంటి?"

"నొప్పి అక్కడి నుంచి మొదలైంది."

"ఎవరికి?"

"నా భుజానికి. మూడు నెలలైంది." తల్లి దువ్వెన పక్కన పెట్టి అడిగింది. "నీకెక్కడి నుంచి మొదలైందే?"

కూతురు తల తిప్పలేదు. "నాకూ అక్కడి నుంచేనమ్మా," అంది. తర్వాత బ్యాంక్ మేనేజరూ, పచ్చటి నీళ్ళూ, సోమవారమూ అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

"నీళ్ళ కింద ఎంతసేపున్నావ్?" అని మాత్రం అడిగింది తల్లి. జవాబు విని, నొప్పి లేని చేత్తో ఒక్కటి వేసింది. తర్వాత అదే చేత్తో దగ్గరికి తీసుకుంది.

"నువ్వు బాధపడతావని చెప్పలేదమ్మా."

"నువ్వు బాధపడతావనే నేనూ చెప్పలేదు."

"మరి రోజూ బాధపడింది ఎవరు?"

"ఇద్దరమూనూ!" అని తల్లి నవ్వడం మొదలుపెట్టింది. కూతురికీ ఆగలేదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలిపోయి నవ్వుతుంటే, పక్కింటివాళ్ళు కిటికీ తీసి చూశారు.

గంట తర్వాత సెలూన్ గుమ్మంలో ఇద్దరూ నిలబడ్డారు. జడ పొడిగా ఉంది. గచ్చు మీద ఒక్క చుక్క పడలేదు.

"రిబ్బన్ చూస్తారా?" అంటూ ఆమె వెనక్కి తిరిగింది.

కుర్రాడు మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలాడు. బెంచీ మీద పేపరు ఎగిరింది.

"మీ ఇద్దరికీ ముందే పరిచయమా?" అంది కూతురు, తల్లినీ అతన్నీ మార్చి మార్చి చూస్తూ.

"నిన్ననే అయింది," అంది తల్లి. "జడ వెయ్యడం నేర్పమని వస్తే నా చేతిలో రిబ్బన్ పెట్టాడు. నువ్వు తెచ్చిన రిబ్బన్ లాంటిదే. అదే నేత, అదే కోరల అంచు. పళ్ళున్న కత్తెరకి ఒక పన్ను విరిగింది, రెండు రిబ్బన్లకీ ఒకే చోట గాటు. ముప్ఫై ఏళ్ళ టైలర్‌కి అంచు చూపించి దాస్తావా బాబూ?"

"నేనేం చెప్పలేదమ్మా!"

"చెప్పలేదు. అదే నచ్చింది. ఇద్దరి మాటా కడుపులో పెట్టుకుని, ఇద్దరి ముడీ విప్పావు."

అతను కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. కత్తెర తియ్యలేదు. కుర్చీ కింద మీట నొక్కాడు. కుర్చీ దిగింది. ఇంకా దిగింది. నేలకి జానెడు ఎత్తులో ఆగింది.

"ఇదేంటి, నన్ను పాతాళానికి పంపుతున్నారు?"

"అమ్మ చెయ్యి ఎత్తక్కర్లేకుండా. మొదటి కత్తెర ఆవిడే వెయ్యాలి." తన కత్తెర అందించబోయాడు.

"నీది కుడిచేతి కత్తెర బాబూ, నాకు పనికిరాదు." ఆవిడ సంచీలోంచి తన ఎడమచేతి కత్తెర తీసింది. తన చేత్తోనే కోయాలని ఇంటి దగ్గరే గుడ్డలో చుట్టుకుని తెచ్చుకుంది.

కూతురు ఆ గుడ్డ వంక చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"తొందరేం లేదే," అంది తల్లి. "ఇవాళ మిషను మూసేసి వచ్చాను. రోజంతా తీరికే." మెడ దగ్గర, రిబ్బన్‌కి కాస్త పైన, కత్తెర పెట్టింది. కచకచా కాదు. కర్ర్... కర్ర్... అని నెమ్మదిగా, పట్టుబట్ట కత్తిరించినట్టు.

జడ చేతిలోకి వచ్చింది. దానికి పైన ఎర్ర రిబ్బన్.

కూతురు తల అటు తిప్పింది. ఇటు తిప్పింది. పైకి ఎత్తింది. "అమ్మా! తల తిరుగుతోంది!"

"కళ్ళు తిరుగుతున్నాయా?" అంది తల్లి కంగారుగా.

"కాదమ్మా, తల! ఎటు కావాలంటే అటు తిరుగుతోంది!"

మిగిలిన పని కుర్రాడు గంటసేపు చేశాడు. మామూలుగా పావుగంట పని. మాస్టారు గడియారం రెండుసార్లు చూశారు. తల్లి టీ తాగొస్తానని మాస్టారిని కూడా బయటికి లాక్కుపోయింది.

"అయిపోయిందా?" అంది ఆమె అద్దంలోంచి.

"అయిపోయింది. పొట్టి జుట్టుకి నెలకోసారి ట్రిమ్మింగ్ కావాలి."

"నెలకోసారేనా?"

అతను దువ్వెన కింద పెట్టాడు. అద్దాన్ని వదిలేసి, కుర్చీని తన వైపు తిప్పుకుని, నేరుగా చూశాడు. ఇది మాత్రం లెక్కలోకి వస్తుంది.

"రోజూ వస్తే నేల తుడుచుకుంటాను. జీవితాంతం. నాకేం అభ్యంతరం లేదు."

ఆమె లేచింది. కోసిన జడ మీది రిబ్బన్ విప్పింది. బల్ల మీదున్న అతని కత్తెర పిడికి గట్టిగా ముడి వేసింది.

"ఇది ఇక్కడే ఉండాలి. ఎవరైనా ఇదేంటని అడిగితే నిజం చెప్పాలి. జారకపోతే వస్తాను."

"ఎప్పుడు?"

"మీకు తెలిసిన రోజు ఒకటే కదా!"

మంగళవారం సాయంత్రం సెలూన్‌లో టపటపమని చినుకులు.

కుర్రాడు పైకప్పు వైపు చూడలేదు, కుళాయి వైపు చూడలేదు. గుమ్మం వైపే చూశాడు. ఆమె తలా ఒళ్ళూ తడిసి, పొట్టి జుట్టు నుదుటికి అతుక్కుని నిలబడి ఉంది.

"జడ కోసినా నా నేలకి విముక్తి లేదా?"

"ఇది జడవాన కాదు, అసలు జడివాన. బయటికి చూడండి."

నిజమే. ఎప్పుడు మొదలైందో, వీధి వీధంతా తడుస్తోంది.

"క్లాసు ఏమైంది?"

"క్యాప్ పట్టింది. క్లాసు నాదే. బ్యాంక్ మేనేజరు గారు మళ్ళీ భయపడి, పట్టుకోవడానికి జడ కోసం వెతుక్కున్నారు. దొరకలేదు. ఇంక చేసేది లేక ఈదేశారు."

"పొద్దున అరగంట ఏం చేస్తున్నారు?"

"ఉంది, అలాగే ఉంది. కుర్చీలు మారాయంతే. అమ్మ పీట మీద, నేను కుర్చీలో. భుజం ఎత్తలేక తన జుట్టు తను దువ్వుకోవడం మానేసి ఎన్నాళ్ళైందో! పెన్సిల్ గుచ్చి నెట్టుకొచ్చింది. నేను గమనించనే లేదు. ఇప్పుడు నేను జడ వేస్తున్నాను. వంకరగా వస్తోందని తిడుతోంది." నవ్వింది. "రిబ్బన్ ఏది?"

కత్తెర చూపించాడు. పిడికి రిబ్బన్ అలాగే ఉంది, రెండు రోజుల వెంట్రుకలు అంటుకుని.

"ఎవరైనా అడిగారా?"

"పదిహేడు మంది. పదిహేడు మందికీ చెప్పాను. ఒక అమ్మాయి వస్తుందా రాదా చెప్పేందుకు రెండు రోజులు గడువు పెట్టిందని."

"శుక్రవారం రిబ్బన్ కొసన కట్టింది మా అమ్మ కాదు," అంది ఆమె, ముడి విప్పుతూ, అతని వంక చూడకుండా. "నేనే. సగం భయం. మిగతా సగం... కోసేస్తే మళ్ళీ ఇక్కడికి రావడానికి నాకు పనేం ఉంటుందని." తలెత్తింది. "ఇప్పుడు పని లేకుండానే వచ్చాను. నీ కోసం."

ఆ "నీ" విని కుర్రాడు తుడుపుకర్ర అనుకుని గొడుగు అందుకున్నాడు.

"ఇంకో సంగతి. అమ్మ కబురు పంపింది. ఇకమీదట నువ్వు తనని అమ్మా అని పిలవకూడదంట."

అతని మొహం వాడిపోయింది. "ఎందుకు? నేనేం తప్పు చేశాను?"

"తప్పు కాదంట. వరస కుదరదంట."

కుర్రాడు అలాగే నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు క్షణాలు. పేపరు వెనక ఓపిక నశించింది.

"ఒరే ఎల్లుండీ! అత్తయ్యా అని పిలవమంటోందిరా ఆవిడ!"

"వెళ్ళి... ఎల్లుండి వెళ్ళి పిలుస్తాను మాస్టారూ," అన్నాడు కంగారులో.

"ఇవాళే!" అన్నారు ఇద్దరూ ఒక్కసారి.

గొడుగు ఒక్కటే ఉంది. ఇద్దరూ దాని కిందికి దూరారు. వీధి మలుపు దాకా ఆమె నవ్వు వినబడుతూనే ఉంది.

మాస్టారు పేపరు మడిచి, గచ్చు మీది చెరువు వంక చూశారు. తుడుపుకర్ర వంక చూశారు. నిట్టూర్చి లేచారు.

"బట్టతల వాడి మీద సెలూన్ పెట్టి పోయార్రా," అనుకుంటూ, ఈల వేసుకుంటూ తుడవడం మొదలుపెట్టారు.